ఔన్సు గ్లాసులో బీరూ బ్రాందీ

ప్రశ్న: మావారి వయసు 46. ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. పదేళ్లుగా రోజూ రాత్రి ఒక క్వార్టరు బ్రాందీ తాగేవారు. ఏడాది క్రితం కిడ్నీలో చిన్న రాయి ఉందన్నారు. అప్పటినుంచి బ్రాందీ మానేసి రోజూ రెండు పెద్ద స్ట్రాంగ్ బీర్లు తాగుతున్నారు. "బార్లీ నీళ్లే కదా, రాయి కరిగిపోతుంది" అంటారు. మొన్న స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టిందని తేలింది. బ్రాందీ మానేశాక ఇలా ఎందుకైంది? కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటారట. అప్పుడు ఎలాగూ మానేస్తారు కదా?
- ఒక సోదరి, గాజువాక

జవాబు: అమ్మా, మీవారు తాగుడు తగ్గించలేదు, పెంచారు. నొచ్చుకోకండి, లెక్క చెబుతాను.

మహారాణిపేటలో నా క్లినిక్ బల్ల మీద ఒక పాత ఔన్సు గ్లాసు ఉంటుంది, సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుంది. కాంపౌండర్లు ఎర్ర మిక్శ్చరు కొలిచి పోసిన కాలం నాటిది, అంచు కాస్త పగిలింది. "బీరే కదా సార్" అన్నవాళ్ల ఎదుట దానితో నీళ్లు కొలిచి చూపిస్తాను. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర దొరికే బ్రాందీ, విస్కీ, రమ్ము సీసాల మీద 42.8 శాతం అని అచ్చు వేసి ఉంటుంది. అంటే క్వార్టరులో అసలు ఆల్కహాలు 77 మి.లీ. గ్లాసు రెండుసార్లు నిండి, మూడోసారి సగం దాటుతుంది. పెద్ద బీరు సీసా 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాలు 8 శాతం దాకా ఉండవచ్చు. రెండు సీసాలకు 104 మి.లీ. గ్లాసు మూడుసార్లు నిండి, నాలుగోసారి దాదాపు సగానికి వస్తుంది. పోనీ 7 శాతమే అనుకున్నా 91. బ్రాందీ రోజుల కంటే ఎక్కువే. ఆ నాలుగోసారి పోస్తున్నప్పుడు ఎదుటివారి ముఖం చూడాలి.

బరువులో చెప్పాలంటే అప్పుడు 61 గ్రాములు, ఇప్పుడు 82 గ్రాముల దాకా. సీసా రంగేమిటో, నురగ వచ్చిందో లేదో కాలేయానికి తెలియదు. అది గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే విరగ్గొట్టగలదు. రాత్రి పదింటికి ముగించినా, ఉదయం ఆరింటి షిఫ్టుకు గేటు దాటేటప్పటికి ఒంట్లో ఇంకా మిగిలే ఉండవచ్చు.

ఇక రాయి సంగతి. బీరు తాగితే మూత్రం ఎక్కువగా వస్తుంది, అది నిజమే. చిన్న రాయి ఆ ధారలో జారిపోవచ్చు, నీళ్లు తాగినా అలాగే పోతుంది. కాల్షియం రాయిని బీరు కరిగించదు. పైగా బీరు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. కాలి బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా అరిచేవారిలో బీరు ప్రియులు తక్కువేమీ కాదు. విశాఖ ఉక్కపోతలో చెమట కార్చి వచ్చిన మనిషికి కావలసింది నీళ్లు, మజ్జిగ.

కొవ్వు పట్టిన దశలో ఆపితే కాలేయం చాలావరకు కోలుకుంటుంది, వారాల్లోనే. 41 రోజుల దీక్ష తరువాత రక్తపరీక్షలు ఎంత బాగా వస్తాయో నేను ఏటా చూస్తున్నాను. మాల తీసిన రాత్రి మళ్లీ సీసా ఎత్తడమూ ఏటా చూస్తున్నాను. ఆ సంగతి స్వాములకే వదిలేస్తాను.

మీకు గట్టిగా చెప్పవలసింది వేరే ఉంది. పదేళ్లు రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక మతి తప్పవచ్చు. ఒక కార్తీకంలో, మాల వేసుకున్న మూడో రోజున ఒకాయనను నా దగ్గరికి తెచ్చారు. నల్ల పంచె మీద లేని చీమలను ఒక్కొక్కటిగా ఏరి కింద పడేస్తున్నాడు. "నియమం తప్పాడేమో బాబూ, స్వామికి కోపం వచ్చింది" అని తల్లి ఏడుస్తోంది. ఆయన నియమం తప్పలేదు, పూర్తిగా పాటించినందుకే ఆ స్థితి. ఆసుపత్రిలో చేర్చి, బి1 విటమిను ఇంజెక్షన్లు, మందులు ఇచ్చాక వారంలో మామూలు మనిషయ్యాడు.

కాబట్టి మాల వేసుకునే ముందే డాక్టరుకు చూపించండి. మానేటప్పుడు మందుల తోడు ఉండాలి. సలహా కోసం 14446కు ఫోను చేయవచ్చు, డబ్బు పడదు.

ప్రశ్న: మిత్రులతో అరకు వెళ్లినప్పుడు జీలుగు కల్లు తాగాం. చెట్టునుంచి వచ్చేది కదా, మందు కిందికి వస్తుందా?
- ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: చెట్టునుంచి వచ్చేది తీపి నీరే, బాబూ. కుండలో పడిన క్షణం నుంచే ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులిసి, మామూలు బీరుకు దీటుగా తయారవుతుంది. కుండ మీద శాతం ఎవరూ రాయరు కనుక ఎంత తాగారో మీకూ తెలియదు. గీతకారుడు ఎదురుగా దించిన కల్లు వేరు. పట్టణాల్లో మత్తు కోసం డైజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమందులు కలిపి అమ్మే కల్లు వేరు. రెండోది కల్లే కాదు.

తిరుగు ప్రయాణంలో అనంతగిరి ఘాట్ మలుపుల్లో బండి ఎవరు నడిపారో మీరు రాయలేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి 6 నెలల దాకా జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఊదే యంత్రానికి కల్లూ స్కాచీ ఒకటే.

ప్రశ్న: రెండిట్లోనూ ఉన్నది ఒకే ఆల్కహాలు అంటారు మీరు. మరి సారాను నిషేధించి బ్రాందీ అమ్మడం ఏ న్యాయం?
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమునిపట్నం

జవాబు: మాస్టారూ, చట్టం పుట్టింది రసాయనశాలలో కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కల్లు, సారా దుకాణాలను మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. బ్రాందీ తిరిగి వచ్చింది కానీ సారాను రానివ్వలేదు. కూలి డబ్బు ఇంటికి చేరాలన్నదే ఆనాటి గొడవ, అందులో నాకు న్యాయమే కనిపిస్తుంది. మద్యం రాష్ట్రాల అధికారంలోని అంశం కనుక ఒక్కోచోట ఒక్కో తీరు. క్యాన్సర్ కారకమని మాత్రం అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యపానం మొత్తాన్నీ 1988లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఖరీదైన వైనుకు మినహాయింపు లేదు.

నాటుసారా దగ్గర మాత్రం నా "అన్నీ ఒకటే" లెక్క చెల్లదు. దానికి లేబులు లేదు. పరిశ్రమల స్పిరిటు కలిస్తే అందులో మిథనాలు ఉండవచ్చు. అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని తినేస్తుంది. తాగిన రాత్రి బాగానే ఉంటారు. మర్నాటికి కడుపునొప్పి, ఆయాసం, కళ్ల ముందు మంచు కమ్మినట్టు మసక. హ్యాంగోవర్ అని పడుకోబెట్టకండి, వెంటనే కింగ్ జార్జ్ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. కలిసి తాగినవారు బాగున్నా సరే, వారినీ వెంట పెట్టుకోండి. సీసాలో అడుగున ఏమైనా మిగిలి ఉంటే పారబోయకుండా పట్టుకెళ్లండి.