ఏసీ లైనుకి ఏడు వేలా?

ప్రశ్న: ఉద్యోగం మీద ఆస్టిన్ వచ్చి ఆర్నెల్లయింది. విజయవాడ సత్యనారాయణపురంలో నాన్నగారు కట్టించిన డాబా ఇల్లు ఉంది. రెండు వాటాలూ అద్దెకిచ్చాం. ఎండలు ముదిరేలోపు ఏమేం చూసుకోవాలి? అక్కడ మావాళ్లెవరూ లేరు.

తమ్ముడూ, చిన్నవాడివి కనక నువ్వనే అంటాను. ఎండలు రాకముందే అడిగావు, సంతోషం. నేను డాలస్ వచ్చిన కొత్తలో నాకు అడిగే తెలివీ లేదు, చెప్పే దిక్కూ లేదు. మీకు వాట్సాప్ ఉంది. మాకు ఫోన్ కార్డు గీకి నంబరు కొట్టేసరికే సగం నిమిషాలు పోయేవి.

మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. 2009 సంగతి. ఆ ఏడు ఇక్కడ మాంద్యం. మా టీములో ఎవడి కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలీదు. కాఫీ కొనాలన్నా డాలరుని రూపాయల్లోకి మార్చి చూసుకుని మానేసేవాణ్ణి. ఏప్రిల్‌లో పైవాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఒకటిన్నర టన్ను ఏసీ కొన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చి, మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగాలి, దానికో 20 ఆంప్స్ ఎంసీబీ, అంటే కరెంటు మోతాదు మించితే దానంతటదే ఆపేసే స్విచ్చు, పెట్టాలి, మొత్తం 7,000 అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అమెరికాలో ఉన్నాడు కదా అని బాదుతున్నాడనుకున్నాను. ఉన్న ప్లగ్గులోనే పెట్టుకోమనండి అని చెప్పి ఫోను పెట్టేశాను.

పెట్టుకున్నారు. గంటకోసారి ట్రిప్పు. మా బాబాయి ఒక కుర్రాణ్ణి పంపాడు. వాడు ఉన్న 16 ఆంప్స్ ఎంసీబీ పీకేసి 32ది బిగించాడు. ఖర్చు 200. ట్రిప్పవడం ఆగిపోయింది. 7,000 పని 200లో చేయించానని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఎంసీబీ ఉండేది ఏసీని కాపాడ్డానికి కాదు, గోడలో ఉన్న వైరుని కాపాడ్డానికి. ఆ వైరేమో ఫ్యాన్లకీ టీవీకీ వేసిన సన్నది. పెద్ద ఎంసీబీ పెడితే అది పడిపోయేలోపే వైరు కాలుతుంది. ఈ ముక్క నాకు రోహిణి కార్తెలో తెలిసింది. ఇక్కడ తెల్లవారుజాము 3 గంటలు, అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. ఫోను మోగింది. "సార్, గోడలోంచి పొగ వస్తోందండీ." ఆ గదిలోనే వాళ్ల పాప నిద్రపోతోంది. వాళ్లావిడ పాపని ఎత్తుకుని బయటికి పరిగెత్తారు, ఆయన మెయిన్ ఆపారు. కర్టెన్ ఒకటి కాలి అక్కడితో ఆగింది. తర్వాత ఈమెయిల్లో ఫోటో వచ్చింది. ప్లగ్గు సాకెట్టులోకి కరిగి అంటుకుపోయింది. గోడ చూస్తే దీపం గూడు వెనక గోడలా పైదాకా మసి.

వైరింగు, ప్లాస్టరింగు, పెయింటు కలిపి 38,000. వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, వాళ్లని అనేదేముంది? పని తెమిలేసరికి జూన్ చివర, ఆషాఢం వచ్చేసింది. బడులు తెరిచేశారు, శూన్యమాసంలో పాలు పొంగించేదెవరు? శ్రావణం వస్తేగానీ మనిషి దిగలేదు. నెలకి 5,500 చొప్పున రెండున్నర నెలల అద్దె గోవిందా. ఆ లెక్క ఇప్పటికీ నా డైరీలో ఉంది.

అందుకని నువ్వు ఫిబ్రవరిలోనే రెండు వాటాల బోర్డులూ మూత తీయించి ఫోటో తెప్పించుకో. ఎంసీబీల మీద అంకె చదువు, దాని కింద వైరు ఎంత లావుదో ఎలక్ట్రీషియన్‌ని అడుగు. ఏసీ పెట్టాలంటే ముందు నీకు చెప్పాలని అగ్రిమెంటులో రాయించు. లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్తింగు గుంట సంగతి ఎవరూ చెప్పరు. ఎండాకాలం అందులో మట్టి ఎండిపోతే ఎర్తు ఉన్నా లేనట్టే. రేకు బాడీ కూలర్ పెట్టుకుని తడి చేత్తో ముట్టుకునే ఇళ్లలో అది ప్రాణాల మీదికి వస్తుంది. వారానికోసారి బిందెడు నీళ్లు పోయించు. కరెంటు కాస్త లీకైనా లైను ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించు. దాని దగ్గర మాత్రం బేరమాడకు. ఈ మాట నేను అంటున్నానంటే అర్థం చేసుకో.

డాబా మీద పగుళ్లు పూడ్పించి, మార్చిలోగా తెల్ల కూలింగ్ పెయింటు వేయిస్తే పైవాటాలో వేడి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. బోరు నీటిమట్టం దిగిపోతే మోటారు ఉత్తినే తిరిగి కాలుతుంది, డ్రై రన్ కటాఫ్ పెట్టించు. మే నెల సాయంత్రాల గాలివానకి డాబా మీది రేకులు లేస్తాయి. మాది ఒకటి ఎగిరి పక్కింటాయన స్కూటరు మీద పడింది, సీటు డబ్బులు నేనే ఇచ్చుకున్నాను. ఇంటి ముందు కాలవ కూడా మేలోనే తీయించు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లో ఏం చేశాయో చూశావుగా.

అద్దె ప్రవాసుల కోసం ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో వేయించుకోవచ్చు, అద్దెకుండేవాళ్లు అద్దెలోంచి టీడీఎస్, అంటే ముందే పట్టే పన్ను, కోసుకోవాలి. ఇక్కడి, అంటే అమెరికా, పన్ను రిటర్నులోనూ చూపాలి. ఆ లెక్కలు నీ సీఏ చెబుతాడు. కరెంటు లోడు పెంచే రూల్సు డిస్కం, అంటే కరెంటు కంపెనీ, ఆఫీసులో దొరుకుతాయి.

వీటన్నిటికీ ఏటా ఒక నెల అద్దె పక్కన పెట్టేస్తాను. పెట్టిన ప్రతిసారీ మనసు పీకుతూనే ఉంటుంది. మొన్న ఆదివారం ఇల్లు చూసే కుర్రాడు ఎర్తింగు గుంటలో నీళ్లు పోస్తూ ఫోటో పంపాడు. బిందె కిందివాటా వాళ్లదిట, ప్రతి వారం అడగాలంటే మొహమాటంగా ఉందిట, కొత్తది కొనమంటాడు. స్టీలు బిందె ఎందుకురా, ప్లాస్టిక్ బకెట్టు చాలదా అన్నాను.