బీచ్ గుర్రానికి రెండు సెలైన్ బాటిళ్లు సరిపోతాయా?

ఆర్కే బీచ్‌లో సవారీకి తిప్పే గుర్రం మే ఎండకి డస్సిపోతే రెండు సెలైన్ బాటిళ్లు పెడితే తేరుకుంటుందా అని అడిగారు. చాలవండి. 300 కిలోల గుర్రానికి ఒంట్లో నీరు బరువులో 8 శాతం తగ్గిందంటే లోటు 24 లీటర్లు. అరలీటరు బాటిళ్లయితే 48! రోజువారీ అవసరం మళ్లీ వేరే.

ముందు పెదవి ఎత్తి చిగురు చూడండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు సుమారు 2 సెకన్లలో గులాబీ రంగుకి రావాలి. ఆలస్యమైనా, చిగురు జిగటగా తగిలినా డాక్టరుకి ఫోన్ చేయండి. మెడ చర్మం పట్టి లాగి చూసే పద్ధతి ముసలి గుర్రాల దగ్గర నన్ను చాలాసార్లు మోసం చేసింది.

పేగులు బాగా కదులుతుంటే ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి, విడతకి నాలుగైదు లీటర్ల లవణాల నీళ్లు పోస్తారు. చవకైన దారే, కానీ ఇంట్లో ప్రయోగాలొద్దు. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపు అప్పటికే నిండి ఉందేమో చూడకుండా పోస్తే పగిలిపోవచ్చు. గొట్టం ఊపిరితిత్తుల్లోకి దిగితే అంతే సంగతులు. షాక్‌లో ఉంటే, అంటే రక్తప్రసరణ పడిపోతే మాత్రం మెడ నరానికి లావు సూది పెట్టి రింగర్ లాక్టేట్ (లవణాలు కలిపిన సెలైన్ లాంటి ద్రవం) ధారగా ఎక్కించాల్సిందే.

ఆవుల దగ్గర ఇంకో చిట్కా ఉంది: 7.2 శాతం ఉప్పు ద్రావణం రెండు లీటర్లు నరానికి ఎక్కించి, వెంటనే పొట్టలోకి 20 లీటర్ల నీళ్లు పోస్తారు. నీళ్లు మానేస్తే ఆ ఉప్పే ప్రమాదం.

గుర్రం చెమటతో ఉప్పు బాగా పోతుంది కాబట్టి తాగేందుకు రెండు బకెట్లు పెట్టండి, ఒకటి లవణాలు కలిపింది, ఒకటి మామూలు నీళ్లు.