మునగదీసుకుంటే వచ్చే వెచ్చదనం, బారజాపుకుంటే రాని చల్లదనం

చలికాలంలో ముడుచుకుని పడుకుంటే వెచ్చగా అనిపించేది భ్రమా, నిజమా అని, మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద కాళ్ళూ చేతులూ బారజాపుకున్నా ఒళ్ళు ఎందుకు చల్లబడటం లేదని అడిగారు. నేను పెరిగింది పల్నాడులో, పదకొండేళ్ళు ఉద్యోగం చేసింది ఆదిలాబాదు వైపు. కాబట్టి ఈ రెండింటికీ నా ఒళ్ళే సాక్ష్యం.

ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో కూడా దాదాపు 100 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది, అది ఎక్కువగా చర్మం మీదుగానే బయటికి పోవాలి. పెద్దవాళ్ళ చర్మం వైశాల్యం సుమారు 1.8 చదరపు మీటర్లు ఉన్నా, అదంతా బయటి గాలికి ఎదురుగా ఉండదు. చంక పక్కటెముకలకు, ఒక తొడ రెండో తొడకు ఎదురుగా ఉంటాయి గనుక ఆ భాగాల వేడి చాలావరకు వాటి మధ్యనే తిరుగుతుంది. నిలబడిన మనిషి చర్మంలో దాదాపు 73 శాతం, కూర్చున్న మనిషి చర్మంలో 70 శాతం మాత్రమే పరిసరాలతో వికిరణం ద్వారా, అంటే దేన్నీ తాకకుండానే, వేడిని ఇచ్చిపుచ్చుకుంటాయని డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ లెక్క. అంటే కుర్చీలో కూర్చోవడానికీ నిలబడటానికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా మునగదీసుకోవడంలో ఉంది.

ఆదిలాబాదు వైపు ఒక ఊళ్ళో డిసెంబరులో తొలి బస్సు కోసం తెల్లవారుజామున రోడ్డు పక్కన ఎదురుచూసేటప్పుడు నేను చేతులు రుద్దుకుంటూ అటూ ఇటూ తిరిగేవాణ్ణి, ఆ ఊరి పెద్దాయన ఒకరు మాత్రం గాలికి వీపు పెట్టి గొంతుకూర్చుని, మోకాళ్ళు ఛాతీకి ఆనించి, చేతులు చంకల్లో దోపుకుని, పైనుంచి గొంగడి కప్పుకుని కదలకుండా ఉండేవారు. పొట్ట, తొడలు, చంకలు అన్నీ లోపలి వైపుకు మూసుకుపోగా బయట మిగిలింది వీపు ఒక్కటే, దానికి గొంగడి ఉంది. నేను నడిచి పుట్టించుకున్న వేడి కొంత ఉన్నా, చర్మాన్ని అంటుకుని ఉండే పలుచని వెచ్చటి గాలి పొరను నా నడకే చెదరగొట్టేది. రెండో చలికాలానికి నేనూ ఆయన పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను.

పల్నాడులో వేసవి రాత్రులు డాబా మీద, నీళ్ళు చల్లి ఆరిన గచ్చు మీద నులక మంచం వేసుకుని పడుకునేవాళ్ళం. తెల్లారేసరికి వీపు మీద నులక అచ్చులు పడేవి గానీ చెమట ఉండేది కాదు. అదే పట్నంలో స్పాంజి పరుపు మీద వెల్లకిలా పడుకుంటే వీపు ఆకారంలో దుప్పటి తడిసిపోతుంది, ఎందుకంటే పరుపు ఆ భాగానికి గాలి తగలనివ్వదు. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ళ వేడిని తీసుకుపోతుంది. దుప్పటిలోకి ఇంకిపోయినదానివల్ల అంత ప్రయోజనం ఉండదు. పైగా డాబా మీద వెల్లకిలా పడుకున్నవాడి ఒళ్ళు గాలికంటే చల్లనైన ఆకాశానికి ఎదురుగా ఉంటుంది, ఇంటి పైకప్పుకు ఆ గుణం లేదు.

ఇక మీ మధ్యాహ్నం సంగతి. చర్మం ఉష్ణోగ్రత 34, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 30 డిగ్రీలుంటే బారజాపుకున్న కొద్దీ వేడి బయటికి పోతుంది. గాలి 44 డిగ్రీలుంటే వేడి గాలి నుంచే ఒంట్లోకి వస్తుంది, ఎంత చర్మాన్ని ఎదురుపెడితే అంత ఎక్కువగా, ఫ్యాను వేస్తే మరీ ఎక్కువగా. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. మా నాయనమ్మ అలాంటి మధ్యాహ్నాల్లో కిటికీలు మూయించి, తడిపి పిండిన పంచె మా మీద కప్పి, అది ఆరిన ప్రతిసారీ మళ్ళీ తడిపేది. మీరూ ఫ్యాను వేగం పెంచేకంటే ముందు ఒక తువ్వాలు తడిపి చూడండి.