గీసిన దారి ఒకటి, చూపే దారి ఒకటి: బైక్ టూర్ రూట్లు, జీపీఎస్‌పై పాఠకుల ప్రశ్నలు

వానలు పడగానే బొగత, కుంటాల వైపు బండ్లు కదులుతాయి. ఆ వెంటే మాకు ఉత్తరాలూ మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం రూట్లు గీయడం, వాటిని జీపీఎస్‌లోకి ఎక్కించడం గురించే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: హనుమకొండ – రామప్ప – లక్నవరం – బొగత రూట్‌ను కంప్యూటర్‌లో గీసి బైక్ జీపీఎస్‌లో వేసుకున్నాను. రామప్ప నుంచి నేను గీయని దారి చూపించింది. లక్నవరం ఈసారికి వద్దనుకుని నేరుగా పస్రా వైపు పోతుంటే పదే పదే వెనక్కి తిరగమంది. ఫైలు పాడైందంటారా? – హనుమకొండ

జవాబు: ఫైలుకేం కాలేదు. జీపీఎక్స్ ఫైల్లో, అంటే జీపీఎస్ దారులు దాచుకునే ఫైల్లో, మూడు రకాల సరుకు ఉండొచ్చు. వేపాయింట్ అంటే ఒక్క చోటు, అంతే. ట్రాక్ అంటే దగ్గర దగ్గరగా పెట్టిన చుక్కల వరుస. జీపీఎస్ దాన్ని గీతలా చూపిస్తుంది తప్ప మార్చదు. రూట్ సంగతి వేరు. అందులో ఉండేది మీరు పెట్టిన పాయింట్ల జాబితా. రెండు పాయింట్ల మధ్య ఏ రోడ్డున పోవాలో జీపీఎస్ తన మ్యాప్‌ను బట్టి, తన సెట్టింగులను బట్టి మళ్లీ లెక్కగట్టుకుంటుంది. కంప్యూటర్‌లో ఉన్న మ్యాప్ వేరు, పరికరంలో ఉన్నది వేరు అయితే రెండు లెక్కలూ కలవవు. మీకు జరిగింది ఇదే.

మందు రెండు చోట్ల వేయాలి. మొదటిది సెట్టింగులు. జీపీఎస్‌లు తయారుచేసే గార్మిన్ సంస్థ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ బేస్‌క్యాంప్‌లో గీస్తే అక్కడి ప్రొఫైల్, పరికరంలోని ప్రొఫైల్ ఒకేలా ఉండాలి: వాహనం మోటార్‌సైకిల్, లెక్క తక్కువ సమయం మీద, మట్టి రోడ్లు వద్దు. టోల్ తప్పించమనే ఆప్షన్ మాత్రం తీసేయండి. జాతీయ రహదారుల టోల్‌గేట్ల దగ్గర బైకులకు రుసుము లేదు. అది ఆన్‌లో ఉంటే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లను కోమళ్ల టోల్‌గేటు రాకముందే 163వ జాతీయ రహదారి దింపేసి ఊళ్ల గుండా తిప్పుతుంది. దారి తప్పగానే తనంతట తానే కొత్త దారి లెక్కగట్టే ఆటో రీకాలిక్యులేషన్‌ను ఆఫ్ చేయండి, లేదంటే ‘అడిగి మార్చు’ అనే స్థితిలో పెట్టండి.

రెండోది పాయింట్లు. గార్మిన్ పద్ధతిలో ఇవి రెండు రకాలు. వయా పాయింట్ అంటే తప్పకుండా తాకాల్సిన చోటు. అది తాకకుండా పోతే వెనక్కి రమ్మంటూనే ఉంటుంది. షేపింగ్ పాయింట్ దారిని వంచడానికి మాత్రమే, దాని దగ్గరికి చేరినా ఏ ప్రకటనా ఉండదు. మీరు లక్నవరాన్ని వయా పాయింట్‌గా పెట్టారు, అందుకే అంత పట్టుదల. అలాంటప్పుడు తెరపై ‘స్కిప్’ నొక్కితే తర్వాతి పాయింట్‌కు మళ్లుతుంది. ఆ బటన్ తెరపై లేకపోతే మ్యాప్ టూల్స్‌లో దాన్ని కలుపుకోండి, బయల్దేరే ముందే.

మీ రూట్‌కే అయితే ఇలా పెట్టండి. రామప్ప, లక్నవరం, బొగత మూడే వయా పాయింట్లు. మిగతావన్నీ షేపింగ్. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర పాలంపేట వైపు తిరగాలి కదా, పాయింట్‌ను సరిగ్గా క్రాస్ మీద పెట్టొద్దు. తిరిగాక 200 – 300 మీటర్ల అవతల, మీరు పోయే రోడ్డు మీద పెట్టండి. కూడలి మీద పెట్టిన చుక్క ఏ రోడ్డుదో పరికరానికి తెలియదు. రామప్ప నుంచి మళ్లీ హైవే ఎక్కాలంటే తిరుగుదారి మీద ఒకటి, హైవే ఎక్కాక మరొకటి. బుస్సాపూర్ దగ్గర లక్నవరం మలుపు తిరిగాక ఇంకొకటి. తాడ్వాయి – ఏటూరునాగారం మధ్య పెద్ద రోడ్డు ఒక్కటే, అక్కడ ఒక్క చుక్క చాలు. ముల్లకట్ట వంతెన దాటాక ఒకటి పెడితే పని అయిపోయింది. వయా, షేపింగ్ కలిపి మొత్తం తొమ్మిదికి మించవు. పాయింట్లు ఎన్ని ఎక్కువైతే తప్పులూ అన్ని ఎక్కువవుతాయి.

నాలుగు వరుసల రోడ్డు ఉన్నచోట ఇంకో తిరకాసుంది. డివైడర్‌కు అవతలి వైపు చుక్క పడితే మూడు కిలోమీటర్లు ముందుకుపోయి యూటర్న్ తీసుకుని రమ్మంటుంది. స్కేలు 20 మీటర్లకు వచ్చేదాకా జూమ్ చేసి, మన ఎడమ వైపు రోడ్డు మీదే చుక్క పెట్టాలి. సర్వీస్ రోడ్డు మీద పడకుండా కూడా చూసుకోండి.

అన్నీ అయ్యాక అదే దారిని ట్రాక్‌గా కూడా మార్చి, ముదురు రంగు ఇచ్చి ఎక్కించండి. రూట్ గీత, ట్రాక్ గీత ఒకదాని మీద ఒకటి పోతున్నంతసేపు ఢోకా లేదు. రెండూ విడిపోయిన చోట ట్రాక్‌ను నమ్మండి.

ప్రశ్న: గూగుల్ మ్యాప్స్‌లో దారి పెట్టుకున్నాను. దాన్ని జీపీఎక్స్‌గా దించుకునే బటన్ ఎంత వెతికినా కనపడలేదు. – కరీంనగర్

జవాబు: కనపడదు, ఎందుకంటే లేదు. బయల్దేరే చోటుతో కలిపి పది పాయింట్ల వరకు ఒప్పుకుంటుంది, లింకు పంపుకోనిస్తుంది, అంతే. దగ్గరి దారి గూగుల్ మై మ్యాప్స్. కంప్యూటర్‌లో కొత్త మ్యాప్ తెరిచి, డైరెక్షన్స్ లేయర్ కలిపి, ఊళ్లు ఇవ్వండి. ఒక లేయర్‌లో ఇక్కడా పదే పాయింట్లు. అందుకే కరీంనగర్ – జగిత్యాల – ధర్మపురి ఒక లేయర్, అక్కడి నుంచి జన్నారం, ఉట్నూరు వైపు ఇంకొకటి. ఇక్కడ టూవీలర్ మోడ్ లేదు, కారు దారే వస్తుంది. టూరుకు నిజానికి అదే మేలు. టూవీలర్ మోడ్ నాలుగు నిమిషాలు కలిసొస్తాయని ఊరి సందుల్లోకి దింపుతుంది, సామాను కట్టిన బండితో అక్కడ తిప్పలు పడాలి.

మూడు చుక్కల మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కి కేఎంఎల్ (గూగుల్ మ్యాపులు దాచుకునే రకం) ఫైలుగా దించుకోండి. జీపీఎస్‌బాబెల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ కేఎంఎల్, అవుట్‌పుట్ జీపీఎక్స్ ఎంచుకుంటే మారిపోతుంది. వచ్చే దారి ట్రాక్‌గా ఉంటుంది. మలుపుమలుపుకూ మాట వినపడాలంటే బేస్‌క్యాంప్‌లో ఆ ట్రాక్ మీద కొత్త రూట్ గీసుకోవాలి. కొన్ని బైక్ జీపీఎస్‌లలో ట్రాక్‌ను ట్రిప్‌గా మార్చే ఆప్షన్ ఉంటుంది, ముందు అది చూడండి.

పాత పరికరాలకు ట్రాక్ చుక్కలపై పరిమితి ఉంటుంది. కొన్ని చేతి జీపీఎస్‌లు దాచుకున్న ట్రాక్‌కు 500 చుక్కలే తీసుకుంటాయి. వంద కిలోమీటర్ల దారిని 500 చుక్కలకు కుదిస్తే చుక్కకూ చుక్కకూ సగటున 200 మీటర్లు. మైదానంలో సరిపోతుంది. కెరమెరి ఘాట్‌లోనో, నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్‌లోనో మలుపులన్నీ కోసేసి గీత లోయ మీదుగా పోతుంది. ఘాట్ భాగాన్ని విడిగా మరో ట్రాక్ చేయండి.

ప్రశ్న: రామప్ప గుడి అక్షాంశ, రేఖాంశాల అంకెలు ఫోన్‌లో దొరికాయి. జీపీఎస్‌లో చేత్తో కొడితే హనుమకొండకు ఇవతలే ఎక్కడో చూపించింది. మిత్రుడు కొడితే మంచు సముద్రంలో తేలింది. – పెద్దపల్లి

జవాబు: రెండూ వేర్వేరు తప్పులు. గుడి స్థానం 18°15′33″ ఉత్తరం, 79°56′36″ తూర్పు. దశాంశాల్లో రాస్తే 18.2592, 79.9433. మీరు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లను తీసుకెళ్లి 18.1533, 79.5636 అని కొట్టి ఉంటారు. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి కలపాలి, పక్కపక్కన పేరిస్తే కుదరదు. ఆ తప్పుకు చుక్క సుమారు 42 కిలోమీటర్లు పడమరకు జరిగి కమలాపూర్ వైపు పడింది. జీపీఎస్ సెట్టింగుల్లో స్థాన పద్ధతిని దశాంశ డిగ్రీలకు మార్చి, డేటమ్ (అక్షాంశ రేఖాంశాలను కొలిచే ఆధారం) డబ్ల్యూజీఎస్ 84 ఉందో లేదో చూసుకోండి.

మీ మిత్రుడు అంకెలను తారుమారు చేశాడు. 79.94 అక్షాంశం, 18.26 రేఖాంశం అంటే నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గరి ఆర్కిటిక్ సముద్రం. కేఎంఎల్ ఫైల్లో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి అంకెలు ఎత్తి రాసుకునేవాళ్లు బోల్తాపడేది అక్కడే. మన వైపు ఊళ్లకు చిన్న అంకె ముందు, పెద్ద అంకె తర్వాత అని గుర్తుంచుకుంటే చాలు.

అంకెలు ఎందుకు, ఊరి పేరు కొడితే పోలేదా అంటారేమో. ములుగు జిల్లాలోనే రామప్ప ఉన్న వెంకటాపూర్ ఒకటి, గోదావరి అవతల వాజేడు పక్కన నూగూరు వెంకటాపురం ఇంకొకటి. కమలాపురం మంగపేట మండలంలో ఉంది, కమలాపూర్ హనుమకొండ జిల్లాలో ఉంది. పేరు కొట్టినప్పుడు మండలం చూడకుండా ‘గో’ నొక్కొద్దు.

ప్రశ్న: మిత్రుడు వాట్సాప్‌లో రూట్ పంపాడు, ఫోన్‌లో తెరుచుకోవడం లేదు. కేబుల్ పెడితే కంప్యూటర్ జీపీఎస్‌ను గుర్తుపట్టడం లేదు. – జగిత్యాల

జవాబు: ముందు ఫైలు పేరు చూడండి. ఫోన్ల మధ్య తిరిగేటప్పుడు చివర డాట్ జీపీఎక్స్ పక్కన ఎక్స్‌ఎంఎల్ అనో, బిన్ అనో తోక తగులుతుంది. ఆ తోక కత్తిరించి పేరు మార్చితే తెరుచుకుంటుంది. విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించే ఆప్షన్ ఆన్ చేయకపోతే ఆ తోక కనపడనే కనపడదు.

కేబుల్ సంగతి: చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలుండవు. లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం ఏమీ అందదు. డేటా కేబుల్ పెట్టాక పరికరంలోని జీపీఎక్స్ ఫోల్డర్‌లో ఫైలు వేయండి. పరికరం డ్రైవ్‌లా కనపడితే ఆ ఫోల్డర్ గార్మిన్ ఫోల్డర్ లోపల ఉంటుంది. ఎజెక్ట్ చేశాకే కేబుల్ పీకండి. గార్మిన్ బైక్ జీపీఎస్‌లైన జుమో రకాల్లో ఫైలు పడగానే రూట్ రాదు, ట్రిప్ ప్లానర్‌లోకి పోయి ఇంపోర్ట్ చేసుకోవాలి. పాయింట్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. చాలా పరికరాల్లో తెలుగు ఫాంట్ లేక డబ్బాలు కనపడతాయి.

ప్రశ్న: తాడ్వాయి అడవిలో సిగ్నల్ ఉండదు. ఫోన్‌తో పోతే జీపీఎస్ ఆగిపోతుందా? – ములుగు

జవాబు: ఆగదు. స్థానం తెలిసేది ఉపగ్రహాల నుంచి, దానికి సిమ్ అక్కర్లేదు. ఆగేది మ్యాప్. నెట్ లేకున్నా పనిచేసే ఓస్మ్‌అండ్ మ్యాప్ యాప్‌లో తెలంగాణ మ్యాప్‌ను ఇంటి దగ్గర వైఫైలో దించుకుని, జీపీఎక్స్ తెరిచి ‘ఫాలో ట్రాక్’ పెట్టుకోండి. బొగత దాటి ఛత్తీస్‌గఢ్ వైపు పోయేదుంటే ఆ రాష్ట్రం మ్యాప్ కూడా. నెట్ లేనిచోట ఫోన్ ఆపి మళ్లీ వేస్తే ఉపగ్రహాలు దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఇంటి దగ్గరే లొకేషన్ పట్టించి బయల్దేరితే ఆ ఇబ్బంది రాదు.

ప్రశ్న: వానాకాలంలో వాగులు పొంగిన దారిని జీపీఎస్ తప్పిస్తుందా? – భూపాలపల్లి

జవాబు: తప్పించదు. మ్యాప్‌లో లోలెవల్ వంతెన కూడా మామూలు రోడ్డే. 2023 జులై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. ఆ ఉదయం ఏ జీపీఎస్‌ను అడిగినా మోరంచపల్లి రోడ్డునే చూపించి ఉండేది. గోదావరి పెరిగితే వాజేడు మండలం టేకులగూడెం దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్లొస్తాయి.

కాబట్టి రూట్ గీసేటప్పుడే వాగు ఉన్నచోటల్లా ఒక వేపాయింట్, దానికి ముందు వెనుదిరగడానికి వీలున్న ఊరు దగ్గర ఇంకొకటి పెట్టండి. ప్రత్యామ్నాయ దారిని విడిగా రెండో ఫైలుగా ఎక్కించండి, అక్కడికక్కడ వానలో నిలబడి గీసుకోలేరు. రోడ్డు మూసేశారని ముందే తెలిస్తే గార్మిన్‌లో కస్టమ్ అవాయిడెన్స్ కింద ఆ ముక్కను నిషేధించవచ్చు. తిరిగొచ్చాక దాన్ని చెరిపేయండి, లేకపోతే వచ్చే వేసవిలో కూడా చుట్టూ తిప్పుతుంది. మేడారం జాతర రోజుల్లో పోలీసులు పెట్టే వన్‌వేలూ ఇంతే, జీపీఎస్‌కు అంతుపట్టవు.

ప్రశ్న: ఈట్రెక్స్ లాంటి చేతి జీపీఎస్‌ను బండి యూఎస్‌బీకి కలిపితే మ్యాప్ పోయి కంప్యూటర్ బొమ్మ వస్తోంది. అలాగే ఫోన్‌ను హ్యాండిల్ మీద పెట్టొచ్చా? – ఆదిలాబాద్

జవాబు: సెటప్, సిస్టమ్, ఇంటర్‌ఫేస్‌లో గార్మిన్ స్పానర్ ఎంచుకోండి. ఆ తర్వాత కేబుల్ పెట్టగానే మాస్ స్టోరేజ్‌లోకి (కంప్యూటర్‌కు డ్రైవ్‌లా కనపడే స్థితిలోకి) పోవాలా అని అడుగుతుంది. వద్దంటే చార్జింగ్ తీసుకుంటూ మ్యాప్ చూపిస్తుంది. యూఎస్‌బీ సాకెట్‌కు కరెంటును ఇగ్నిషన్ ఆన్ అయితేనే వచ్చే లైను నుంచి తీసుకుని, బ్యాటరీ వైపు 3 ఆంప్ ఫ్యూజ్ వేయించండి. బ్యాటరీకి నేరుగా కలిపితే రాత్రంతా కొద్దికొద్దిగా తాగుతుంది.

ఫోన్ పెట్టొచ్చు గానీ వైబ్రేషన్ తగ్గించే డ్యాంపర్ మౌంట్ తప్పనిసరి. ఇంజిన్ అదురుకు కెమెరా స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని ఆపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది. ఐఫోన్‌కు సంస్థ చెప్పిన పరిసర ఉష్ణోగ్రత హద్దు 35 డిగ్రీలు. మీ జిల్లాలో మే నెల ఎండలు దాన్ని ఎప్పుడో దాటేస్తాయి. ప్లాస్టిక్ పౌచ్‌లో చార్జింగ్ పెట్టి ఎండలో నడిపితే మధ్యాహ్నానికల్లా ఫోన్ తనంతట తానే ఆగిపోతుంది. పౌచ్ తీసేయండి, చార్జింగ్ ఉదయాన్నే ముగించండి. తెర ఆర్పి హెల్మెట్ బ్లూటూత్‌లో మాటలు వింటూ పోతే వేడి బాగా తగ్గుతుంది.

ప్రశ్న: రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో బాణం మాత్రమే చూపే చిన్న గుండ్రటి ట్రిప్పర్ మీటర్‌లో జీపీఎక్స్ వేయొచ్చా? – మంచిర్యాల

జవాబు: వేయలేరు. అందులో మ్యాప్ ఉండదు, ఫోన్ యాప్ లెక్కగట్టిన మలుపును బ్లూటూత్ మీద బాణంగా చూపిస్తుంది. గీసుకున్న దారే కావాలంటే ఫోన్‌లో ఓస్మ్‌అండ్ పెట్టుకోండి, మీటర్‌ను గడియారం చూసుకోవడానికి వదిలేయండి.