తనిఖీ ఏ ట్రేడుకు జరిగిందో అడగండి

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బాబు పదో తరగతి పాసయ్యాడు, ఎలక్ట్రీషియన్ నేర్చుకుంటానంటున్నాడు. దగ్గర్లోని ఒక ప్రైవేట్ ఐటీఐ వాళ్లు "మాకు గవర్నమెంట్ గుర్తింపు ఉంది, ఆఫీసర్లు వచ్చి తనిఖీ కూడా చేశారు. రోజూ రావాల్సిన పని లేదు, హాజరు మేం చూసుకుంటాం" అంటున్నారు. చేర్పించమంటారా?
- ఒక తల్లి

జవాబు: వద్దమ్మా. ఆ చివరి మాట వినగానే లేచి రావాల్సింది. ఐటీఐలో ఫైనల్ పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలి. దాన్ని కాగితం మీద నింపేసేవాళ్లు వర్క్‌షాపులో ఏం నేర్పుతారు? ఎలక్ట్రీషియన్ రెండేళ్ల కోర్సు. ఎర్తింగ్, మోటారు వైండింగ్, మీటరు పెట్టి ఫాల్ట్ పట్టుకోవడం, ఇవన్నీ చేత్తో చేస్తేనే వస్తాయి. క్లాసుకు వెళ్లకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లాడు రేపు స్తంభం ఎక్కితే ప్రాణం మీదికొస్తుంది. నా భయం అదే.

ఇక గుర్తింపు సంగతి. ఐటీఐలకు అఫిలియేషన్ (గుర్తింపు) ఇచ్చేది కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ కిందున్న డీజీటీ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్). చాలామంది తల్లిదండ్రులకు తెలియనిదేమిటంటే, అది కాలేజీ మొత్తానికి ఒకేసారి ఇచ్చేది కాదు. ట్రేడు (నేర్పే పని) వారీగా, యూనిట్ల (బ్యాచ్‌ల) వారీగా ఇస్తారు. ఫిట్టర్‌కు ఉండి ఎలక్ట్రీషియన్‌కు లేకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌లో ఒక్కో యూనిట్‌కు 20 సీట్లు. ఒకే యూనిట్‌కు అనుమతి ఉన్నచోట 40 మందిని చేర్చుకుంటే మిగతావాళ్ల పేర్లు ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కవు, హాల్‌టికెట్ రాదు. అప్పుడు ఫీజూ పోతుంది, రెండేళ్లూ పోతాయి. కాబట్టి ఏ ఐటీఐ అయినా ముందు దాని ఎంఐఎస్ కోడ్ (ఆన్‌లైన్‌లో ఆ ఐటీఐని గుర్తించే నంబరు) అడగండి, ప్రైవేటువాటికి అది పీఆర్‌తో మొదలవుతుంది. ఆ కోడ్‌తో ఆన్‌లైన్‌లో ట్రేడు, యూనిట్లు సరిచూడొచ్చు. మీసేవలోనో, చదువుకున్న పిల్లలతోనో చూపించుకోండి.

తనిఖీకి వచ్చే అధికారులు వర్క్‌షాపు స్థలం, సిలబస్‌లో రాసిన పరికరాలు, కరెంటు లోడు, ఇన్‌స్ట్రక్టర్ల అర్హత చూస్తారు. ఆ చూపు ఆ రోజు వరకే. మీరు చెప్పాపెట్టకుండా ఒక మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి. పిల్లలు బల్లల దగ్గర నిలబడి పని చేస్తున్నారా, మోటార్లకు దుమ్ము పట్టి ఉందా? ఇన్‌స్ట్రక్టర్‌కు సీఐటీఎస్ (ఐటీఐలో పాఠం చెప్పేవాళ్లకు ఇచ్చే) శిక్షణ ఉందా అని కూడా అడగండి. అడిగితే చిరాకు పడేచోట చేర్పించకండి.

దక్షిణ తెలంగాణ కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం)లో జూనియర్ లైన్‌మెన్ పోస్టుకైనా, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కైనా సర్టిఫికెట్ సరైనదో కాదో కచ్చితంగా చూస్తారు.

నా సలహా: ముందు నల్లగొండ గవర్నమెంట్ ఐటీఐకి ప్రయత్నించండి. అడ్మిషన్లు రాష్ట్ర ప్రభుత్వ ఐటీఐ వెబ్‌సైట్ ద్వారానే. రోజూ తిరగడం కష్టమైతే సంక్షేమ హాస్టల్‌లో సీటు కోసం ఇప్పుడే అడిగి పెట్టుకోండి. అక్కడ రాకపోతే పైన చెప్పినట్టు సరిచూసుకున్నాకే ప్రైవేటు. మీరు చెప్పిన ఆ ఐటీఐ వాళ్లు అడ్వాన్స్ అడిగితే మాత్రం రూపాయి కూడా కట్టకండి.