ఏబీలూ ఖాళీలూ ఉన్న కాలమ్‌కి సగటు ఎంత?

ప్రశ్న: మా తరగతి మార్కులు ఎక్సెల్‌లో బి2 నుంచి బి9 దాకా ఇలా ఉన్నాయి: 18, 22, ఏబీ, 15, ఖాళీ, 0, 21, 25. ఏబీ అంటే పరీక్షకు రాలేదని. ఖాళీ ఉన్నది ఇంకా దిద్దని పేపరు. క్యాలిక్యులేటర్‌లో 101ని 6తో భాగిస్తే 16.83 వస్తోంది. యావరేజ్ ఫార్ములా 16 అంటోంది. తోటి టీచర్ చెప్పారని యావరేజ్‌ఏ పెడితే 11.43! ఏది నమ్మాలి?

జవాబు: క్యాలిక్యులేటర్‌నే నమ్మండి. తంటా అంతా బి8లోని 21తో. అది చూడ్డానికి అంకెలాగే ఉన్నా ఎక్సెల్ దాన్ని టెక్స్ట్‌గా, అంటే అంకెగా కాక అక్షరాలుగా దాచుకుంది. యావరేజ్ టెక్స్ట్‌నీ ఖాళీలనీ వదిలేస్తుంది, సున్నాను మాత్రం లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే 80ని 5తో భాగించింది. యావరేజ్‌ఏ ఖాళీని వదిలేసినా టెక్స్ట్‌ని సున్నా అనుకుంటుంది. ఏబీ, 21 రెండూ సున్నాలై, 80 బై 7 అయింది.

ముందు =కౌంట్(బి2:బి9) కొట్టి చూడండి. 6 రావాల్సిన చోట 5 వస్తుంది. దొంగ సెల్ ఏదో =ఈజ్‌నంబర్(బి8) లాంటి ఫార్ములా పట్టిస్తుంది: టెక్స్ట్ అయితే ఫాల్స్ అంటుంది. టెక్స్ట్ అంకె మామూలుగా సెల్‌లో ఎడమవైపు ఒదిగి ఉంటుంది గానీ, అందం కోసం కాలమంతా సెంటర్ చేసేస్తే ఆ ఆనవాలూ పోతుంది.

సరిచేయడానికి కాలమ్ సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి నేరుగా ఫినిష్ నొక్కండి. ఫార్మాట్‌ని నంబర్‌గా మార్చి ఊరుకుంటే చాలదు, లోపలున్నది టెక్స్ట్‌గానే ఉండిపోతుంది. 1ని కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై కొట్టే చిట్కా చాలామంది చెబుతారు. కాలమంతా సెలెక్ట్ చేసి అది వాడకండి: ఖాళీ సెల్‌లో 0 వచ్చి కూర్చుంటుంది, దిద్దని పేపరుకు సున్నా మార్కులు వేసినట్టే. వెబ్ పేజీ నుంచి తెచ్చిన అంకెల వెనక కనిపించని స్పేస్ ఉంటే, అది మామూలు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫార్ములాకి లొంగదు. అలాంటి సెల్‌కి =వాల్యూ(సబ్‌స్టిట్యూట్(బి8,క్యార్(160),"")) వాడండి.

ఇప్పుడు యావరేజ్ 16.83 ఇస్తుంది. రానివాళ్లకు సున్నా వేయాలన్నది మీ బడి నియమమైతే యావరేజ్‌ఏ వాడండి, 14.43 వస్తుంది. ఎటొచ్చీ ఖాళీ సెల్ నిజంగా ఖాళీగా ఉండాలి. అందులో "" ఇచ్చే ఫార్ములా ఉంటే యావరేజ్‌ఏ దాన్నీ సున్నా కిందే కడుతుంది.

ప్రశ్న: వీలుకప్‌తో (వేరే పట్టికలో వెతికి విలువ తెచ్చే ఫార్ములా) తెచ్చిన ధరల కాలమ్‌లో (సి2:సి60) రెండు మూడు చోట్ల ఎన్/ఏ ఎర్రర్ (ధర దొరకలేదని) ఉంది. సగటు కూడా ఎన్/ఏ అనే వస్తోంది. ఇఫ్ఎర్రర్ ఫార్ములాతో ఎర్రర్ బదులు 0 పెట్టేయనా?

జవాబు: వద్దు. దొరకని ధర ఉచితమైపోయి సగటు దిగిపోతుంది. =అగ్రిగేట్(1,6,సి2:సి60) రాయండి. 1 అంటే సగటు, 6 అంటే ఎర్రర్లను వదిలేయమని. ఎక్సెల్ 2010 నుంచీ ఉంది. గూగుల్ షీట్స్‌లో ఈ ఫంక్షన్ లేదు. ధరలు మైనస్‌లో ఉండవు కాబట్టి అక్కడ =యావరేజ్‌ఇఫ్(సి2:సి60,">=0") సరిపోతుంది.