కొవ్వుల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే గుండెపోటు, రెండో పేరాలో నెయ్యి మంచిదా చెడ్డదా అనే పంచాయితీ! కొవ్వు అణువు ఎలా ఉంటుందో చెప్పకుండానే తీర్పు ఇచ్చేశావు. ముందు ఆకారం చెప్పు. మూడు కార్బన్ల గ్లిసరాల్, దాన్ని పట్టుకుని మూడు ఫ్యాటీ ఆమ్లాలు, అదే ట్రైగ్లిజరైడ్. నెయ్యిలోనైనా నువ్వుల నూనెలోనైనా దాదాపు అంతా ఇదే. సబ్బును విడగొట్టి చూస్తూ 19వ శతాబ్దం మొదట్లో ఈ గుట్టు విప్పిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కి ఒక్క వాక్యం చాలు (ఆయన 102 ఏళ్లు బతికాడని కూడా రాయాలనిపిస్తుంది, ఆపుకో).

తేడా అంతా ఆ ఆమ్లాల కార్బన్ గొలుసుల్లో ఉంది కాబట్టి ఇక్కడ మాత్రం తీరిగ్గా రాయి. స్టియరిక్, ఓలియిక్, లినోలియిక్, మూడింటిలోనూ 18 కార్బన్లే. ద్విబంధం (రెండు కార్బన్ల మధ్య జంట బంధం) లేని స్టియరిక్ 69 డిగ్రీల దాకా కరగదు, ఒక్క ద్విబంధం ఉన్న ఓలియిక్ సుమారు 13 డిగ్రీలకే కరుగుతుంది, రెండున్న లినోలియిక్ అయితే సున్నా దగ్గర కూడా ద్రవమే. ఎందుకంటే సిస్ ద్విబంధం (గొలుసు రెండు కొసలూ ఒకే పక్కన ఉండేది) దగ్గర గొలుసు వంగుతుంది. తిన్నని కట్టెలు మోపులో ఒత్తుగా ఇముడుతాయి, వంకరవి ఇమడవు, అంతే సంగతి. ఓలియిక్‌లోని ద్విబంధాన్నే అదే చోట ట్రాన్స్‌గా (కొసలు చెరో పక్కకు వచ్చేలా) తిప్పితే గొలుసు మళ్లీ దాదాపు తిన్ననవుతుంది, కరగాలంటే 45 డిగ్రీలు కావాలి. నికెల్ సాయంతో నూనెకు హైడ్రోజన్ ఎక్కించి వనస్పతి చేసేటప్పుడు, ఆ పని సగంలో ఆపితే పుట్టే ట్రాన్స్ కొవ్వులు ఇవే. మన దేశంలో 2022 నుంచి నూనెలు, కొవ్వుల్లో వీటిని 2 శాతానికి పరిమితం చేశారన్న సంగతి ఇక్కడ రాస్తేనే పాఠకుడికి ఎక్కుతుంది, మొదట్లో పడేస్తే అది ఉత్త వార్త.

ఇంకోటి. 'సంతృప్త కొవ్వులు గట్టిగా ఉంటాయి' (అంటే ద్విబంధాలు లేనివి) అని ధీమాగా రాశావే, మరి కొబ్బరినూనె? దాదాపు 90 శాతం సంతృప్తమే, అయినా 24 డిగ్రీలు దాటితే పారుతుంది. అందులో సగం దాకా ఉన్న లారిక్ ఆమ్లం గొలుసు 12 కార్బన్లే, పొట్టి గొలుసుల మధ్య పట్టు తక్కువ. వంపుతో పాటు పొడవు కూడా లెక్కలోకి వస్తుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. చలికాలంలో సీసా వంచినా చుక్క రాని అనుభవం అందరికీ ఉన్నదే.

చివర్లో పెట్టిన ఆరోగ్య చిట్కాలు తీసెయ్, అది వేరే వ్యాసం. బొమ్మలు చేత్తో గీసి పంపినా పర్లేదు గానీ, ఓలియిక్ వంపు మాత్రం 9, 10 కార్బన్ల మధ్యే ఉండాలి.

ఇట్లు
మీ అన్న